దండు పీపాలు, ఈత ముంతలు

ఉగాదినాడు మన ఇళ్ళలో పంచాంగము విప్పకముందే నాలుకకు పని తగులుతుంది. వేపపువ్వు చేదును, చింతపండు పులుపును, కొత్తబెల్లపు తీపిని ఒక్క గుటకలో పట్టి, ఈ ఏడు ఏది ఎక్కువైనదో ఏది తక్కువైనదో చెప్పనివారు ఇంట ఉండరు. రుచి చూచుట, చూచిన రుచికి గుణము కట్టుట మనకు పండుగతోబాటు వచ్చిన విద్య. అందువలన ఈ ఉగాది సంచికలో రుచినిగూర్చియే నాలుగు మాటలు వ్రాయవలెనని తోచినది. అయితే నేను వ్రాయబోయేది పచ్చడినిగూర్చి కాదు.

పోయిన ఏడు మన సంఘము కార్యవర్గములో ఒక చిన్న వాదము వచ్చినది. యువకులు కొందరు, చందాలు పోగుచేసేందుకు ఒక సాయంకాలము ఐరోపా దేశాల బీర్లు, పోర్టు, షెర్రీ, మదీరా వంటి ద్రాక్షసారాయిలు తెప్పించి, వచ్చినవారు ఒక్కొక్కదానిని చప్పరించి మార్కులు వేసే వేడుక ఏర్పాటు చేద్దామన్నారు. ఈ ఊళ్ళో అందరూ చేసేదే గదా అని వారి వాదము. బళ్ళారి ప్రాంతము నుండి వచ్చిన పెద్దాయన ఒకరు లేచి, "మన ఇంటా వంటా లేని పని ఇది నాయనా! మన పండుగకు ఈ దొరల ముచ్చట్లు ఎందుకు?" అన్నారు. "పెద్దాయనా! తమ బళ్ళారిలోనే గదా దొరల దండు నూరేళ్ళకు పైగా ఉండినది?" అని ఒక అబ్బాయి అడిగినాడు. దానికి అప్పుడు ఎవరమూ సరిగా బదులు చెప్పలేకపోయినాము.

బళ్ళారి అనగానే మనకు రాఘవాచార్యులవారు, ధర్మవరము కృష్ణమాచార్యులవారు, కోలాచలము శ్రీనివాసరావుగారు గుర్తుకు వస్తారు. ఆ నాటకరంగపు చరిత్ర మనవాళ్ళు శ్రద్ధగా వ్రాసినారు. ఆ రంగస్థలానికి కూతవేటు దూరములోనే ఉండిన దండులోని పీపాల కథను మాత్రము ఎవరూ అంతగా పట్టించుకోలేదు. ఆ అబ్బాయి అడిగిన ప్రశ్నకు సమాధానము ఆ కథలో ఉన్నది. పెద్దాయన మాటకు సమాధానము కూడ అందులోనే ఉన్నది.

పుట్టిన ఊరే పేరు

మొదట ఒక సంగతి మనవి చేసుకోవలెను. మద్యమునకు గుణము కట్టుట తెల్లవారు మనకు నేర్పిన పని కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో సురాధ్యక్షుడని ఒక ఉద్యోగి ఉన్నాడు. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆరు తెగలను అక్కడ వేరుచేసి, వేటితో ఎట్లు చేయవలెనో చెప్పినారు. ద్రాక్షరసముతో చేసినదానికి అది పుట్టిన సీమనుబట్టియే పేరని, కాపిశాయనము, హారహూరకము అని రెండు పేర్లు కూడ ఇచ్చినారు. చరకసంహితలో 84 ఆసవాల లెక్క ఉన్నది. బళ్ళారి సీమను ఏలిన కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో వ్రాసిన మానసోల్లాసములో రాజభోగాల నడుమ పానీయాలకూ చోటు ఉన్నది.

ఐరోపావారి పద్ధతి చూడండి. పోర్టు అనేది పోర్చుగల్లులోని ఓపోర్తో రేవుపేరు. షెర్రీ అనేది స్పెయినులోని హెరెస్ పట్టణపు పేరును ఇంగ్లీషువారు పలికిన తీరు. పిల్స్నర్ బీరు 1842లో బొహీమియాలోని పిల్సెన్ ఊళ్ళో పుట్టినది. మదీరా అట్లాంటిక్ సముద్రములోని ఒక ద్వీపము. పోర్చుగీసు భాషలో ఆ మాటకు కలప అని అర్థము. మన మదిరకూ దానికీ ధ్వనిలో తప్ప చుట్టరికము లేదు. కాపిశాయనమన్న కౌటిల్యుడూ, షెర్రీ అన్న ఇంగ్లీషు వర్తకుడూ చేసినది ఒకటే: పుట్టిన ఊరిని పేరులో పెట్టి, ఆ పేరును విలువగా మార్చుట.

ఇక పోర్చుగీసువారు బళ్ళారి సీమకు కొత్తవారు కారు. కృష్ణదేవరాయలవారి కాలములో, 1520 ప్రాంతమున, డొమింగో పేస్ హంపికి వచ్చి అక్కడి అంగళ్ళలో ద్రాక్షలు, దానిమ్మలు, నారింజలు రాసులుగా చూచి వ్రాసిపెట్టినాడు. ఆ వ్రాతను ఇంగ్లీషులోకి తెచ్చి 1900లో లోకానికి అందించిన రాబర్ట్ సూయల్ బళ్ళారికి కలెక్టరుగా పనిచేసినవాడే. (హంపి 2021 వరకు బళ్ళారి జిల్లాలో ఉండినది, ఆ ఏడు విజయనగర జిల్లా వేరుపడినది.) మనము నేటికీ వాడే పీపా అనే మాట కూడ పోర్చుగీసువారిదే. సారాయి పోసే చెక్క పీపాకు వారు పెట్టిన పేరు అది. మన ఊళ్ళలో తరువాత అందులో నూనె పోసినాము, తారు పోసినాము, నీళ్ళు పోసినాము. పేరు మాత్రము మార్చలేదు.

దండు వచ్చిన విధము

1799లో శ్రీరంగపట్టణము పడిన తరువాత, 1792, 1799 సంధుల వలన తనకు వచ్చిన సీమలను నిజాము 1800లో కంపెనీవారికి ఇచ్చివేసినాడు. తన రక్షణకు కంపెనీ పెట్టిన సైన్యపు ఖర్చు క్రింద ఇచ్చినాడు. బళ్ళారి, అనంతపురము, కడప, కర్నూలులో కొంత భాగము కలిసి దత్తమండలమైనది ఇట్లు. దీనికే 1928లో నంద్యాలలో రాయలసీమ అనే గౌరవమైన పేరు వచ్చినది. అనగా, మన సీమ చేతులు మారినదే ఒక దండు బత్తెము కొరకు. ఆ దండుకు పెద్ద ఠాణా బళ్ళారి అయినది. థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు ఈ సీమకు కలెక్టరుగా ఉండి శిస్తు ఏర్పాట్లు చేసినాడు. తరువాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో వాంతిభేదితో కన్నుమూసినాడు.

తెల్ల పటాలాలు, నల్ల పటాలాలు, గుఱ్ఱపు దళాలు, ఫిరంగి దళాలు బళ్ళారిలో దిగినవి. వారిని ఆశ్రయించి కౌల్‌బజారు పెరిగినది. తెలుగువారు, కన్నడిగులు, తమిళులు, ఉర్దూ మాట్లాడే ముస్లిములు అక్కడ ఒకరి ప్రక్క ఒకరు అంగళ్ళు పెట్టుకొన్నారు. బళ్ళారి బజారులో నేటికీ ఒక్క బేరములో మూడు భాషలు వినబడే అలవాటు ఆ కాలమునుండి వచ్చినదే.

తెల్ల దండు ఉన్నచోట దాని దాహము కూడ ఉంటుంది. అధికారుల భోజనశాలలో మదీరా, పోర్టు, షెర్రీ, తరువాత సీసాలలో పేల్ ఏల్ అనే బీరు. మామూలు సోల్జరుకు ఆ భాగ్యము లేదు. వానికి ఈ దేశములో కాచిన సారాయి కొలతగా దొరికేది. ఆ సారాయి వలన ఆస్పత్రులు, శ్మశానాలు నిండుతున్నవని గ్రహించి, 1859లో ఏర్పడి 1863లో నివేదిక ఇచ్చిన సైనిక ఆరోగ్య సంఘమువారు ప్రతి ఠాణానుండి తాగుడు లెక్కలు కూడ అడిగినారు. ఫ్లారెన్సు నైటింగేలు ఆ కాగితాలన్నీ చదివి, సైనికుని చంపుతున్నది శత్రువు కన్న మురుగునీరు, తాగుడు అని వాదించినది. సారాయికి బదులు బీరు పోయుట ఆనాటి వైద్యుల దృష్టిలో సంస్కరణ. ఒకే దండులో గ్లాసునుబట్టి హోదా తెలిసేది.

సముద్రము మీద పండిన రుచి

ద్రాక్షరసము తనంతట తాను పులిస్తే, అందులోని తీపిని ఈస్టు తిని మత్తుగా మారుస్తుంది. మత్తు నూటికి 15 పాళ్ళు దాటేసరికి మామూలుగా ఆ ఈస్టే నిలువలేదు. ఈ సూక్ష్మము తెలిసి పోర్చుగీసువారు, స్పెయినువారు ద్రాక్షసారాయిలో ద్రాక్షబ్రాందీని కలుపుట నేర్చినారు. పోర్టులో పులుపు నడుమ ఉండగానే బ్రాందీ పోస్తారు. అందువలన తీపి మిగిలిపోతుంది, మత్తు 20 పాళ్ళ ప్రాంతమున నిలుస్తుంది. షెర్రీలో తీపి అంతా పులిసిన తరువాత పోస్తారు. ఇట్లు బలము చేకూర్చినది చెడక దూరదేశానికి పోతుంది. 1703 మెథూయెన్ సంధి వలన పోర్చుగల్లు సారాయికి ఇంగ్లండులో సుంకము తక్కువ. ఫ్రాన్సుతో యుద్ధాలు ఎక్కువ. కాబట్టి ఇంగ్లీషువాని బల్లమీదికి ఫ్రెంచి సరుకు కన్న పోర్చుగీసు సరుకు సులువుగా వచ్చినది.

మదీరా కథ మరీ విచిత్రము. ఇండియాకు వచ్చే ఓడలు దారిలో ఆ ద్వీపము వద్ద ఆగి పీపాలు ఎక్కించుకొనేవి. ఓడ అడుగున ఎండవేడికి ఉడికి, అలలకు కదలి, ఆఫ్రికా చుట్టి వచ్చేసరికి ఆ సారాయి చెడవలసినది; చెడలేదు సరికదా, మెరుగైనది. అది తెలిసి వర్తకులు కావాలని పీపాలను ఇండియా వరకు తిప్పి మళ్ళీ ఇంగ్లండుకు తీసుకొనిపోయి ఎక్కువ ధరకు అమ్మినారు. అట్లు చుట్టివచ్చినదానికి పోర్చుగీసులో తిరుగుడు సారాయి అనే అర్థము వచ్చే పేరు. తరువాత ఓడకు బదులు వెచ్చని గదులలో పెట్టి అదే పనిని ద్వీపములోనే చేయనేర్చినారు.

బీరు సంగతి వేరు. దానికి బ్రాందీ పోయరు. లండనులోని బో అనే చోట జార్జి హాడ్జ్‌సన్ అనేవాని కార్ఖానా 18వ శతాబ్ది నడుమ మొదలైనది. ఓడల రేవు దగ్గరలో ఉండుట, కంపెనీ ఓడల కెప్టెన్లకు అప్పు ఇచ్చుట వలన ఆ బీరు మద్రాసు, కలకత్తాలకు బాగా వచ్చినది. తరువాత అప్పు బిగించి ధర పెంచగా, 1822లో బర్టన్ ఊరి ఆల్సప్ అనేవాడు పోటీకి దిగినాడు. అతని వెనుక బాస్ కంపెనీ వచ్చినది. ఈ బీర్లలో హాప్ అనే తీగ పువ్వులు దండిగా వేసేవారు. ఆ పువ్వు చేదు. ఆ చేదే బీరును చెడకుండ కాపాడేది. వేపపువ్వును ఎరిగినవారికి ఈ తర్కము వేరే చెప్పనక్కరలేదు.

ఓడ భూమధ్యరేఖను రెండుమార్లు దాటి, నాలుగైదు నెలలకు మద్రాసు చేరేది. అప్పుడు అక్కడ రేవు లేదు. కెరటాల మీద మసూలా పడవలలో పీపాలను ఒడ్డుకు చేర్చేవారు. అక్కడనుండి బళ్ళారికి సుమారు 300 మైళ్ళు, ఎద్దుబండ్ల దారి. ఎండాకాలమైతే బండికి పైన ఎండ, క్రింద రాయి. 1869లో సూయజ్ కాలువ తెరచి, 1871లో మద్రాసు రైలు రాయచూరు చేరి బొంబాయి రైలుతో కలిసిన తరువాతనే ఈ కష్టము తగ్గినది. బళ్ళారి వేడిలో సీసాను చల్లబరచుటకు ప్రత్యేకముగా ఒక నౌకరు ఉండేవాడు. సురేకారము నీళ్ళలో కరిగేటప్పుడు చల్లదనము పుడుతుంది. ఆ నీళ్ళలో సీసా త్రిప్పి చల్లార్చేవారు. ఆ నౌకరు గ్లాసు ముట్టడు, పుచ్చుకోడు. అయినా ఏ సీసా ఏ చల్లదనానికి రుచి వస్తుందో వానికే తెలుసు. రుచి తెలిసిన వాని పేరు ఏ పుస్తకములోనూ లేదు.

మార్కులు వేసిన విధము

అప్పటివారు గుణము ఎట్లు కట్టినారు? అన్నిటికన్న అందమైన పద్ధతి హెరెస్‌వారిది. పీపాలోని షెర్రీని పెద్ద మేస్త్రీ ముక్కుతో పరీక్షించి, పీపామీద సుద్దతో గీత గీసేవాడు. ఒక గీత ఉంటే మేలు రకము. గీత ప్రక్క చుక్క ఉంటే దాని తరువాతది. రెండు గీతలు మోటు. మూడు గీతలు పడినదానిని బట్టీకి పంపవలసినదే. మన భాషలో గీత అంటే చెట్టు గీయుట కూడ. ఆ గీతను గూర్చి క్రింద చెబుతాను. మదీరాలో ద్రాక్షతీగ పేరే గుణము: సెర్సియల్ పొడి రుచి, వెర్దెలో కొంచెము మెత్తన, బువాల్ తీపి, మాల్మ్‌సీ మిక్కిలి తీపి. పోర్టు పండే డోరో లోయను 1756లోనే పోంబాల్ మంత్రి సరిహద్దు రాళ్ళు పాతించి కట్టుబాటు చేసినాడు. 20వ శతాబ్దిలో అక్కడి తోటలకు నేల, ఎత్తు, వాలు, తీగ వయస్సు చూచి మార్కులు వేసి అక్షరాల తరగతులు ఏర్పరచినారు. ఇంగ్లండులో బీరు పీపామీద ఇంటూ గుర్తులు వేసేవారు. గుర్తులు పెరిగినకొద్దీ ఘాటు పెరిగినట్లు.

గుర్తుకు విలువ పెరిగితే దొంగగుర్తు పుడుతుంది. పేరున్న కంపెనీల ఖాళీ సీసాలలో నాసి సరుకు నింపి అమ్మే మోసము నాడు ఉండినది, నేడూ ఉన్నది. ఇంగ్లండులో వ్యాపార చిహ్నాలకు రిజిస్టరు తెరచినప్పుడు మొట్టమొదట నమోదైనది బాస్ బీరు ఎఱ్ఱ త్రికోణము. తేది 1876 జనవరి 1. ఈ సంవత్సరమును పాఠకులు కాస్త గుర్తుంచుకోవలెను.

మన కాలములో ఈ విద్య శాస్త్రమైనది. అమెరికాలో డేవిస్ విశ్వవిద్యాలయపు అమెరైన్ మొదలైనవారు 20 మార్కుల పట్టిక తయారుచేసినారు: రంగుకు ఇన్ని, వాసనకు ఇన్ని, పులుపుకు ఇన్ని. బీర్లను దేశాలవారీగా, రకాలవారీగా విడదీసి 1977లో గొప్ప గ్రంథము వ్రాసినవాడు ఇంగ్లీషు పత్రికారచయిత మైకేల్ జాక్సన్. జర్మనీ బవేరియాలో 1516 నాటి యవలు, హాప్, నీళ్ళ నియమము. బెల్జియములో మఠాలలో సన్యాసులు కాచే బీర్లు. డబ్లినులో 1759 నుండి గిన్నెస్. ఇవన్నీ దేనికది వేరు, ఒకే త్రాసులో తూచకూడదని అతడు నేర్పినాడు. కాకరకాయ వేపుడును పాయసముతో పోల్చి తీపి లేదని మార్కులు తగ్గించరాదు గదా!

1976 మే 24న పారిసులో ఒక పరీక్ష జరిగినది. సీసాల పేర్లు కప్పిపెట్టి ఫ్రెంచి నిపుణులకే పోసినారు. ఎఱ్ఱదానిలోనూ తెల్లదానిలోనూ కాలిఫోర్నియా సరుకు మొదటి స్థానము పొందినది. నాలుక చెప్పినదానికీ కాగితపు చీటీ చెప్పినదానికీ ఎంత దూరమో ఆనాడు తేలిపోయినది. నాలుకమీద తీపికొకచోటు, చేదుకొకచోటు అని మనము బడిలో చదువుకొన్న పటము కూడ తప్పని శాస్త్రజ్ఞులు తేల్చినారు. నాలుక అంతటా అన్ని రుచులూ తెలుస్తవి. రుచి అని మనము అనుకొనేదానిలో ఎక్కువ పాలు ముక్కుదే.

ఈ గీత వేరు

ఇక రెండవ గీత. దండుకు అవతల, బళ్ళారి వంకల వెంబడి, ఈతచెట్లు. సాయంకాలము ఈడిగవారు మోకు వేసి చెట్టెక్కి, కత్తితో గీసి ముంత కట్టి, తెల్లవారుజామున దించేవారు. పొద్దుపొడవకముందు దించినది తియ్యన, పొద్దెక్కేకొద్దీ పులుపు, మధ్యాహ్నానికి ఘాటు, మరునాటికి కల్లు కాదు, పులిసిన నీరు. తాగేవారు గుణము కట్టకపోలేదు. ఏ చెట్టుది, ఎవరి చేతిది, ఏ వేళది అని చెట్టుకొక రుచి, పూటకొక పేరు చెప్పేవారు. హెరెస్ మేస్త్రీకి తీసిపోని ముక్కులు మన వంకల గట్లమీదనూ ఉండినవి. అయితే కల్లు ప్రయాణము చేయలేదు. దానికి బ్రాందీ పోసి ఓడ ఎక్కించినవారు లేరు. పుట్టిన ఊళ్ళో పుట్టిన పూటనే అయిపోయేదానికి దేశాంతరములో పేరు రాదు. లోకములో మార్కులు పడినవన్నీ ప్రయాణము చేయగలిగినవే.

కల్లుకు సర్కారువారు వేసిన గుర్తు మాత్రము ఒకటి ఉన్నది. అది చెట్టుమీద నంబరు. ఆ నంబరు రుచికి కాదు, పన్నుకు. 1886 మద్రాసు అబ్కారీ చట్టము వచ్చి గీత, బట్టీ, అంగడి అన్నిటినీ వేలములోకి, లైసెన్సులోకి తెచ్చినది. తన ఇంటి ముందరి ఈతచెట్టునే గీచుకొన్నా నేరమైనది. భూమిశిస్తు తరువాత మద్రాసు సర్కారుకు పెద్ద రాబడి అబ్కారీయే అయినది. పాట ఎక్కువ పాడిన కంట్రాక్టరు ఆ డబ్బు రాబట్టుకోవలెనంటే ఎక్కువమంది తాగవలెను. ఊరికొక అంగడి వెలసినది ఇట్లు. పూర్వము తాగుడు లేదని కాదు. తాగించుట ఒక రాజ్యపు రాబడి కాలేదు.

1876ను గుర్తుంచుకొమ్మన్నాను. లండనులో ఎఱ్ఱ త్రికోణము రిజిస్టరైన ఆ ఏడే మనకు ధాత సంవత్సరము. బళ్ళారిలో వానలు పడలేదు. 1878 వరకు సాగిన ఆ ధాత కరువులో దక్షిణదేశములో అన్నిటికన్న దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. 1877లో రిచర్డ్ టెంపుల్ దొర పొదుపు పేరిట కరువు పనులలో కూలికి దినబత్తెము ఒక పౌను ధాన్యమని తగ్గించినాడు. తీవ్రమైన విమర్శ వచ్చిన తరువాతనే అది సవరింపబడినది. రైలు ఉండినది, అది దండుకు పీపాలు మోయగలిగినది, ధాన్యము కూడ మోయగలిగినదే. కొనే శక్తి ఉన్నవైపు రైలు పోతుంది. ఈ మాట కోపముతో వ్రాయుట లేదు; లెక్కగా వ్రాస్తున్నాను.

జైలు, నిషేధము, సరిహద్దు

1921లో కల్లు అంగళ్ళ ముందు పికెటింగు మొదలైనది. 1930లో మళ్ళీ సాగినది. బళ్ళారి అల్లీపురము జైలు సత్యాగ్రహులతో నిండినది; తరువాత మద్రాసు ముఖ్యమంత్రియైన కామరాజుగారు కూడ అక్కడ ఉండి, 1931లో గాంధీ-ఇర్విను ఒడంబడికతో విడుదలైనవారే. ఒకే పట్టణములో దండు భోజనశాల ఒక ప్రక్క, కల్లు మానుమన్నందుకు జైలు ఒక ప్రక్క ఉండినవి.

1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధము ఆరంభించినది. యుద్ధకాలములో అది సడలి, 1946లో మళ్ళీ మొదలై, 1948 అక్టోబరు నాటికి మద్రాసు రాష్ట్రమంతటా వ్యాపించినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు జిల్లా చీలినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము మనకు వచ్చినవి. జస్టిస్ మిశ్రాగారి విచారణ తరువాత బళ్ళారి పట్టణము మైసూరుకు పోయినది. అన్నదమ్ములు పొలము పంచుకొన్నట్లు సీమను పంచుకొన్నారు; నిషేధ చట్టము మాత్రము ఇరువైపులకూ వచ్చినది. 1960ల చివర అది రెండువైపులా జారిపోయినది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించినారు. ఆ ఉద్యమము రాష్ట్రమంతటా రేగి, 1995 జనవరి 16న ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధము విధించినది. 1997లో అది తొలగినది. ఆ రెండేళ్ళు మా సరిహద్దు ఒక వింత. రోడ్డుకు ఈవల ఎండు, ఆవల తడి. ఆవల కర్ణాటకలోనూ 2007 జూలై 1 నుండి సారాయి నిషేధమైనది. బీరు, విస్కీ మిగిలినవి. పేదవాని గ్లాసుకే మొదట మూత పడుతుందని కొందరి వాదము. పేదవాని ఇల్లే మొదట కూలుతుందని ఆ స్త్రీల వాదము. రెండూ నిజమే.

పట్టికలో ఇంకొక గడి

ఆ సమావేశము ముగిసిన తరువాత పెద్దాయనతో నేను బస్సు వరకు నడిచినాను. "నేను వద్దన్నది దొరలదని కాదు నాయనా," అన్నారు ఆయన. "మా అమ్మ పుస్తెలు సారా అంగడికి పోయినవి. రెండుసార్లు విడిపించుకొన్నది. మూడోసారి విడిపించలేదు. పసుపుకొమ్ము కట్టుకొన్నది. మా ఇంటా వంటా లేదంటే, ఎన్నడూ లేదని కాదు. మా అమ్మ లేకుండ చేసినదని."

ఆ మాట విన్న తరువాత నా లెక్క మారినది. ఇంటా వంటా లేదన్న మాటను నేను అంతవరకు గొప్పలు చెప్పుకొనుట అనుకొన్నాను. అది ఒక ఇల్లాలి జీవితకాలపు కష్టార్జితమని తెలియలేదు.

అట్లని యువకుల కోరిక తప్పనను. హంపి కొండల దగ్గర, పేస్ ద్రాక్షలు చూచిన సీమలో, తెలుగు దంపతులు నాటిన ద్రాక్షతోట నుండి నేడు సారాయి సీసాలు విదేశాలకు వస్తున్నవి. బెంగుళూరులో 1915లో ఐదు కార్ఖానాలు కలిసి యునైటెడ్ బ్రూవరీస్ అయినది మొదలు దక్షిణదేశపు బీరుకూ చరిత్ర ఉన్నది. మన పిల్లలు ఈ దేశాలలో పెరుగుతున్నారు. రేపు ఒక బల్లవద్ద వారి ముందు గ్లాసు పెడతారు. పేరు చూచి మురిసిపోకుండ, రుచిని రుచిగా చెప్పగల తెలివి, వద్దనుకొన్నప్పుడు సిగ్గుపడకుండ వద్దనగల నిబ్బరము రెండూ వారికి కావలెను. ఏ కొలతలోనైనా మద్యము ఆరోగ్యానికి పూర్తిగా క్షేమము కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన మాట కూడ వారికి తెలియవలెను.

కావున సంఘమువారికి నా మనవి ఇది. ఆ సాయంకాలము జరపదలచుకొంటే జరపండి. పండుగనాడు కాదు, పిల్లలు లేనిచోట, సీసాల పేర్లు కప్పి, గుటకెడు చొప్పున, ఉమ్మివేసే గిన్నె ప్రక్కన పెట్టుకొని. రంగు, వాసన, రుచి, నాలుకమీద నిలుకడ అని ఆ మార్కుల కాగితములో గడులు ఉంటవి గదా! వాటి క్రింద ఇంకొక గడి వేయండి: ఇది ఎవరి ఖర్చుమీద ఇక్కడికి వచ్చినది? పోర్టు ముందు ఆ ప్రశ్న వేసుకొంటే బళ్ళారి దండు గుర్తుకు వస్తుంది. మన పల్లె ముంత ముందు వేసుకొంటే చెట్టుమీద నంబరు గుర్తుకు వస్తుంది. వచ్చిన చందాలో ఒక పాలు, తాగుడు వలన చితికిన కుటుంబాల పిల్లల చదువుకు మన సీమకు పంపండి. పెద్దాయనను ఆ సొమ్ము అప్పగించుటకు పిలవండి. ఆయన వస్తారని నాకు నమ్మకము.

ఈ ఉగాదినాడు మాత్రము మొదటి గుటక మన పచ్చడిదే. చేదు ముందు తగిలినా, దానిని ఉమ్మివేయకుండ మింగుట మన ఆచారము. పాఠక సోదరీసోదరులకు, వారి పిల్లాపాపలకు నూతన సంవత్సర శుభాకాంక్షలు.